పలక మీది నంబరు: కాలిఫోర్నియాలో ఏసీ మార్పిళ్ల మీద ఎనర్జీ కోడ్ నిఘా

అందరికీ నమస్కారం.

ఇవాళ ఇంటికి వెళ్లాక ఒక చిన్న పని చేయండి. పక్క సందులో సిమెంటు దిమ్మె మీద ఏసీ బయటి యూనిట్ ఉంటుంది కదా, దాని దగ్గరకు వెళ్లి రాగి గొట్టాలు గోడలోకి దూరే వైపు చూడండి. అరచేయంత పలక ఒకటి అతికించి ఉంటుంది. ఎండకు వెలిసిపోయి ఉంటే టార్చ్ లైటు పక్కనుంచి వేయండి, అక్షరాలు తేలతాయి. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, ఏ గ్యాసు వాడాలి, ఫ్యాక్టరీలో ఎన్ని పౌండ్లు, ఎన్ని ఔన్సులు నింపారు, అన్నీ దాని మీదే ఉంటాయి. ఆ సీరియల్ నంబరును ఫోటో తీసి పెట్టుకోండి. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క నంబరు చుట్టూనే తిరుగుతుంది.

ఆ నంబరు ఇప్పటికే చాలా చోట్ల రాసి ఉంది. తయారు చేసిన కంపెనీ దగ్గర ఉంది. కాంట్రాక్టరుకు అమ్మిన డిస్ట్రిబ్యూటర్ బిల్లులో ఉంది. వారంటీ కోసం ఎవరైనా నమోదు చేస్తే మీ ఇంటి చిరునామాతో సహా కంపెనీ జాబితాలో ఉంది. పర్మిట్ తీసుకుని పని చేస్తే, రాష్ట్రం గుర్తించిన రిజిస్ట్రీలోని ధ్రువపత్రంలోనూ ఉంటుంది. కానీ ఈ పుస్తకాలు ఒకదాని మొహం ఒకటి చూడవు. భవనాల ఇంధన నిబంధనలు రాయడంలో దేశానికే దారి చూపిన కాలిఫోర్నియా, వాటి అమలు విషయంలో ఏళ్ల తరబడి అంచనాల మీద నడవడానికి కారణం ఇక్కడే ఉంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1974లో వారెన్-ఆల్క్విస్ట్ చట్టంతో కాలిఫోర్నియా ఎనర్జీ కమిషన్ ఏర్పడింది. 1978లో ఇళ్లకు తొలి ఇంధన ప్రమాణాలు వచ్చాయి. టైటిల్ 24, భాగం 6, లేదా ఎనర్జీ కోడ్ అని మనం పిలిచేది వాటినే. సుమారు మూడేళ్లకోసారి తిరగరాస్తారు. రాష్ట్రాన్ని 16 వాతావరణ మండలాలుగా విభజించి, ఏ మండలానికి ఏ నిబంధనో అందులో చెబుతారు. ఫ్రీమాంట్ 3వ మండలం, శాన్ హోసే 4, కొండ దాటి శాన్ రమోన్, డబ్లిన్ వైపు వెళ్తే 12. శాక్రమెంటో కూడా 12లోనే. అరగంట కారు ప్రయాణంలో నిబంధన మారిపోతుంది. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

కొత్త ఇల్లు కడితే కోడ్ తప్పించుకోవడం కష్టం. నగర ఇన్‌స్పెక్టర్ సంతకం లేనిదే ఇంట్లో కాపురం పెట్టలేరు కాబట్టి కాగితాలన్నీ వస్తాయి. చిక్కంతా పాత ఇంట్లో యంత్రం మార్చేటప్పుడు. జూలైలో ఏసీ ఆగిపోతుంది. ఇంట్లో పసిపిల్లలో, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లో ఉంటారు. ఎవరు ముందు వస్తే వాళ్లకే పని. పొద్దున ఎనిమిదింటికి ట్రక్కు వస్తుంది, సాయంత్రానికి కొత్త యూనిట్ చల్లగాలి కొడుతుంది. పర్మిట్ అన్న మాట ఎవరి నోటా రాదు. గోడ కూలలేదు, కప్పు లేవలేదు, వీధిలో పోయేవాళ్లకు మార్పే కనబడదు. 2008లో రాష్ట్రం ప్రకటించిన దీర్ఘకాలిక ఇంధన సామర్థ్య ప్రణాళికలోనే ఒప్పుకున్నారు: ఏసీ, హీటింగ్ పనుల్లో చట్టప్రకారం తీసుకోవాల్సిన పర్మిట్ తీసుకునేవి 10 శాతం లోపేనని అంచనా.

ఇంత పెద్ద విషయం అంచనాగా ఎందుకు మిగిలిపోయింది? తీసుకున్న పర్మిట్లను కష్టపడితే లెక్కపెట్టవచ్చు. 58 కౌంటీలు, 480కి పైగా నగరాలు, ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లదే అయినా లెక్క తేలుతుంది. అసలు ఎన్ని యంత్రాలు బిగించారన్నదే తెలియదు. కింద ఉండాల్సిన సంఖ్య లేనప్పుడు పైసంఖ్య ఎంత కచ్చితంగా ఉన్నా వచ్చేది కాకిలెక్కే.

పర్మిట్ లేకపోతే నష్టమేమిటి, ఏసీ చల్లగానే ఉంది కదా అని చాలామంది అడుగుతారు. సరైన ప్రశ్నే. దానికి జవాబు అటకలో ఉంది.

2005 అక్టోబరు 1న కాలిఫోర్నియాలో, మొదట కొన్ని వాతావరణ మండలాల్లో, ఒక నిబంధన వచ్చింది. డక్టులు (అటకలోంచి గదులకు గాలి మోసే గొట్టాలు) ఉన్న ఇంట్లో ఫర్నేస్ (ఇల్లు వేడిచేసే యంత్రం) గానీ, కాయిల్ (గాలిని చల్లబరిచే చుట్ట) గానీ, బయటి యూనిట్ గానీ మారిస్తే డక్టుల లీకును కొలవాలి. కొలిచే తీరు ఇదీ. ఇంట్లోని గాలి జాలీలన్నింటినీ టేపుతోనో ప్లాస్టిక్ పొరతోనో మూసేస్తారు. ఇంట్లోని గాలిని యంత్రంలోకి తిరిగి లాగే పెద్ద రిటర్న్ జాలీ దగ్గర కొలతలు గుర్తించిన ఫ్యాన్ ఒకటి బిగించి, డక్టుల్లో ఒత్తిడిని 25 పాస్కళ్లకు తీసుకొస్తారు. అన్ని దారులూ మూసేశాక కూడా ఆ ఒత్తిడి నిలబెట్టడానికి ఫ్యాన్ నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి తోయాల్సి వస్తోందో మీటరు చూపిస్తుంది. అంత గాలీ చిల్లుల్లోంచి పోతున్నదే.

లెక్క సులువు. ఏసీ తోసే గాలి టన్నుకు 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) చొప్పున, 3 టన్నుల ఏసీకి 1200. మొదట్లో పాత డక్టులకు అందులో 15 శాతం, అంటే 180 సీఎఫ్ఎం దాకా ఒప్పుకునేవారు. 2022 కోడ్ దాన్ని 10 శాతానికి, అంటే 120కి బిగించింది. బయటికి పోయే లీకును మాత్రమే విడిగా కొలిస్తే 7 శాతం లోపు ఉండాలి. డక్టులన్నీ కొత్తవైతే 5 శాతమే. పాత ఇంట్లో ఎంత ప్రయత్నించినా 10కి దిగకపోతే, చేయి అందే లీకులన్నీ మూసి, పొగ పరీక్షతో స్వతంత్ర పరీక్షకుడికి చూపించే వీలు కూడా ఉంది. ఆస్బెస్టాస్ ఉన్న డక్టులకు మినహాయింపు ఉంది. ఇంకో మినహాయింపు చాలామందికి తెలియదు: డక్టులు ఒకసారి పరీక్షలో నెగ్గి, ఆ ధ్రువపత్రం ఉంటే, తర్వాత యంత్రం మార్చినప్పుడు వాటిని మళ్లీ పరీక్షించనక్కర్లేదు. నమోదైన కాగితం ఇంటివాళ్లకు డబ్బు మిగిల్చే చోటు ఇది.

లీకులు ఎక్కడుంటాయంటే, అందరూ అనుకున్నట్టు పొడవాటి డక్టు మధ్యలో కాదు, అతుకుల దగ్గర. ఫర్నేస్ పెట్టెకూ ప్లీనమ్‌కూ (దానికి ఆనుకుని డక్టులకు గాలి పంచే పెట్టె) మధ్య ఒక సందు. సీలింగ్‌లోని జాలీ వెనక రేకు డబ్బాకూ జిప్సం బోర్డుకూ మధ్య అర అంగుళం సందు. పాత ఇళ్లలో అన్నింటికంటే పెద్ద దొంగ, అల్మరాలో ఫర్నేస్ కింద కట్టిన చెక్క వేదిక. రిటర్న్ గాలి దాని బోలులోంచే వస్తుంది. ఆ బోలు పక్క గోడల ఖాళీల్లోకి, అక్కణ్నుంచి అటకలోకి తెరుచుకుని ఉంటుంది. ఆగస్టులో అటక గాలి 130 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది. దాన్ని పీల్చి చల్లబరచడానికి మీరు కరెంటు బిల్లు కడుతున్నారన్నమాట.

అతుకులకు ఏం వాడారన్నది కూడా చూడాలి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే బూడిదరంగు గుడ్డ టేపుకు డక్ట్ టేప్ అని పేరుంది గానీ, డక్టుకు అదొక్కటే పనికిరాదు. లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో మాక్స్ షెర్మన్, ఇయాన్ వాకర్ 1990ల చివర్లో వేడిలో పెట్టి పరీక్షిస్తే, రకరకాల సీలింగ్ సామగ్రిలో ఊడిపోయింది అదే. అందుకే మాస్టిక్ పూత, బిగింపు పట్టీ లేకుండా ఆ టేపు ఒక్కటే వాడితే కోడ్ ఒప్పుకోదు. మాస్టిక్ అంటే పెరుగంత చిక్కగా ఉండే పూత. చేత్తోనో బ్రష్‌తోనో పూస్తారు, ఆరాక సాగుతుంది కానీ పగలదు. పని నాణ్యత తెలుసుకోవాలంటే అటకలోకి తల పెట్టి చూడండి: అతుకుల మీద దళసరిగా తెల్లటి లేక బూడిదరంగు పూత ఉందా, అంచులు లేచిన టేపు వేలాడుతోందా?

రెండోది గ్యాసు. 2022 కోడ్ 2వ మండలంలోనూ, 8 నుంచి 15 దాకా మండలాల్లోనూ రిఫ్రిజిరెంట్ (చల్లబరిచే గ్యాసు) ఎంతుందో కొలిచి చూపాలంది. ఆ లెక్కన శాన్ రమోన్ ఇల్లు ఇందులోకి వచ్చింది, ఫ్రీమాంట్ ఇల్లు రాలేదు. కొలవాలంటే ముందు గాలి సరిగ్గా పారాలి. మార్చిన యంత్రానికి టన్నుకు కనీసం 300 సీఎఫ్ఎం. 4 టన్నులకు 1200 అన్నమాట. చాలా ఇళ్లలో పరీక్ష తన్నేసేది ఇక్కడే. పాత 3 టన్నుల డక్టులకు 4 టన్నుల యూనిట్ తగిలిస్తారు. ఇల్లు వేడెక్కుతోందంటే పెద్ద యంత్రం పెట్టేస్తే సరిపోతుందని అమ్మేవాళ్లూ, కొనేవాళ్లూ కూడా అనుకుంటారు. గాలి రావడానికి రిటర్న్ దారి చాలక యంత్రం ఆయాసపడుతుంది. మందు ఇంకో రిటర్న్ జాలీ పెట్టడమే తప్ప ఇంకా పెద్ద యంత్రం కాదు. పూర్తిగా కొత్త వ్యవస్థకు కోడ్ మెర్వ్ 13 (మెర్వ్ అంటే దుమ్ము ఎంత బాగా పడుతుందో చెప్పే రేటింగు) ఫిల్టరు అడుగుతుంది. అంగుళం మందం ఫిల్టరు పెడితే దాని ముందు గాలి వేగం నిమిషానికి 150 అడుగులు దాటకూడదు. 3 టన్నులకు 1050 సీఎఫ్ఎం అనుకుంటే 7 చదరపు అడుగుల ఫిల్టరు కావాలి. ఇళ్లలో సాధారణంగా కనబడే 20కి 25 అంగుళాల జాలీ ఒకటి మూడున్నర చదరపు అడుగుల లోపే. రెండు పెట్టినా అంచు మీదే ఉంటుంది. హాలులో ఒకే జాలీ చూసినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

గాలి సరిపోయాక గ్యాసు. విస్తరణ కవాటం (గ్యాసు ప్రవాహాన్ని అదుపు చేసేది) ఉన్న యంత్రానికి సబ్‌కూలింగ్, అంటే గ్యాసు ద్రవమయ్యాక ఇంకా ఎన్ని డిగ్రీలు చల్లబడిందో చూస్తారు. పలక మీద కంపెనీ రాసిన లక్ష్యానికి బిగించినవారి కొలత 3 డిగ్రీల ఫారన్‌హీట్ అటూ ఇటూ లోపల ఉండాలి. బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చల్లగా ఉంటే ఈ కొలత చెల్లదు. అప్పుడు గ్యాసును తూచి నింపాలి. ఫ్యాక్టరీలో సాధారణంగా 15 అడుగుల గొట్టానికి సరిపడా నింపి పంపుతారు. మీ ఇంట్లో గొట్టం 35 అడుగులుంటే, మూడు ఎనిమిదో వంతు అంగుళం ద్రవ గొట్టానికి పాత 410ఏ గ్యాసైతే అడుగుకు సుమారు 0.6 ఔన్సు, అంటే 20 అడుగులకు 12 ఔన్సులు అదనం. 2025 జనవరి నుంచి కొత్త యంత్రాల్లో 454బీ, 32 గ్యాసులు వచ్చాయి కాబట్టి లెక్క కంపెనీ పట్టిక చూసే వేయాలి. చేతి అంచనాతో నింపితే ఒప్పదు. తూచేటప్పుడు పరీక్షకుడు పక్కనే నిలబడి చూడాలి. తర్వాత వచ్చి సంతకం పెడతానంటే కుదరదు.

ఇవన్నీ ఎవరో కొలిచారనడానికి ఇంట్లో ఒక గుర్తు మిగులుతుంది. కాయిల్‌కు ముందూ వెనకా డక్టులో ఐదు పదహారో వంతు అంగుళం రంధ్రాలు, థర్మామీటరు దూర్చడానికి. పక్కన లేబుల్. పని అయ్యాక రంధ్రానికి ప్లాస్టిక్ బిరడా పెడతారు. కొత్తగా మార్చిన వ్యవస్థ మీద ఆ రంధ్రమే లేదంటే ఆ పద్ధతిలో అక్కడ ఎవరూ కొలవలేదని అర్థం.

ఇప్పుడు కాగితాల దారి. కాంట్రాక్టరు మొదట రిజిస్ట్రీలో సీఎఫ్1ఆర్ అనే పత్రం నమోదు చేస్తాడు, అంటే ఏం చేయబోతున్నాడో. దాంతో నగరంలో పర్మిట్. బిగించాక సీఎఫ్2ఆర్, ఏం బిగించాడో, తానే కొలిస్తే ఎంత వచ్చిందో. కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్లు ఎక్కేది ఇందులోనే. ఆ తర్వాత బిగించినవాడితో డబ్బు సంబంధం లేని పరీక్షకుడు వచ్చి తిరిగి కొలిచి సీఎఫ్3ఆర్ నమోదు చేస్తాడు. ఇన్నాళ్లూ హెర్స్ రేటర్ అని పిలిచింది ఇతన్నే. 2026 జనవరి 1న అమల్లోకి వచ్చిన 2025 కోడ్‌లో ఆ కార్యక్రమం టైటిల్ 24లోకి మారి, ఎనర్జీ కోడ్ కంప్లయన్స్, పొట్టిగా ఈసీసీ అయింది. మూడు పత్రాలూ చూసి నగర ఇన్‌స్పెక్టర్ తుది సంతకం పెడితే పర్మిట్ మూతపడుతుంది.

పద్ధతిలో లోపం లేదు. మెట్లు మూడూ అవసరమే. కానీ మొదటి మెట్టు ఎక్కాలా వద్దా అన్నది కాంట్రాక్టరు ఇష్టానికి వదిలేశాం. ఎక్కనివాడి జాడ ఎక్కడా ఉండదు. నిజాయితీగా పర్మిట్ తీసుకునేవాడు ఫీజు, పరీక్షకుడి ఖర్చు, ఇన్‌స్పెక్టర్ కోసం కాచుకునే సగం రోజు కూలి అన్నీ కలిపి కొటేషన్ ఇస్తాడు. తీసుకోనివాడు ఆ మేరకు తగ్గించి పని పట్టుకుపోతాడు. మూడు కొటేషన్లు తెప్పించి తక్కువది ఎంచుకోవడం మనకు అలవాటు. ఏది ఎందుకు తక్కువో అడగకపోతే, మంచి పనివాణ్ని మన చేత్తోనే వెనక్కి పంపుతున్నాం. దశాబ్దాలుగా ఈ బజారు నిజాయితీకి జరిమానా వేస్తోంది. నాకు అన్నింటికంటే బాధ కలిగించేది ఇదే.

మొదటి మెట్టు ఎక్కి మధ్యలో ఆగినవీ చాలానే ఉంటాయి. పర్మిట్ తీస్తారు, యంత్రం పెడతారు, డబ్బు చేతిలో పడ్డాక పరీక్షకుణ్ని పిలవరు. గడువు తీరి పర్మిట్ అలాగే వేలాడుతుంది. ఇంటి యజమానికి ఆ సంగతి తెలిసేది ఇల్లు అమ్మేటప్పుడే. అమ్మకపు ప్రకటన పత్రంలో పర్మిట్ లేకుండా చేసిన మార్పుల గురించి ప్రశ్న ఉంటుంది, దానికి సంతకం పెట్టాల్సింది మీరు.

రాష్ట్రం చేతులు కట్టుకుని కూర్చుందని అనను. 2016లో ఎస్‌బీ 1414 అనే చట్టం చేశారు. సెంట్రల్ ఏసీలు, హీట్ పంపులు బిగించేటప్పుడు కోడ్ పాటించేలా 2019 జనవరి 1 లోగా ప్రణాళిక ఆమోదించమని ఎనర్జీ కమిషన్‌కు చెప్పింది. యుటిలిటీ రిబేటు (కరెంటు కంపెనీ ఇచ్చే రాయితీ) కావాలంటే పర్మిట్ మూసిన రుజువు చూపాలన్న షరతూ అందులో ఉంది. మంచి షరతే, కానీ రిబేటు అడిగేవాడికే అది తగులుతుంది. పర్మిట్ ఎగ్గొట్టదలచినవాడు రిబేటు ఎందుకు అడుగుతాడు? వల తలుపు దగ్గర వేశాం, చేప కిటికీలోంచి పోతోంది.

సీరియల్ నంబరు పట్టుకుని యంత్రాన్ని అమ్మకం నుంచి పర్మిట్ దాకా వెంబడించాలన్న ఆలోచన శాక్రమెంటోలో చాలా ఏళ్లుగా నలుగుతోంది. అది అంత భారమైన పనేమీ కాదని నా నమ్మకం. కారణం చెబుతాను. ఫెడరల్ ప్రమాణాల్లో కాలిఫోర్నియా, అరిజోనా, నెవాడా, న్యూ మెక్సికో కలిపి నైరుతి ప్రాంతం. ఇక్కడ సెంట్రల్ ఏసీకి కనీస సామర్థ్యం ఉత్తర రాష్ట్రాలకంటే కట్టుదిట్టం: 2023 జనవరి నుంచి చల్లబరిచే శక్తి 45,000 బీటీయూ లోపు ఉన్న స్ప్లిట్ యూనిట్‌కు 14.3 సీర్2 (కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే రేటింగు). పైగా ఇక్కడ లెక్కలోకి వచ్చేది తయారైన తేదీ కాదు, బిగించిన తేదీ. అది అమలు కావాలంటే రికార్డు ఉండాలి కాబట్టి, కాంట్రాక్టరు తాను బిగించిన బయటి యూనిట్ కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, ఇంటి చిరునామా, బిగించిన తేదీ, ఎవరి దగ్గర కొన్నాడో 48 నెలలు దాచాలి. డిస్ట్రిబ్యూటర్ తన అమ్మకాల రికార్డు 54 నెలలు దాచాలి. అంటే నంబరునూ చిరునామానూ కలిపే ముడి చట్టప్రకారం ఇప్పటికే ఉంది. ప్రభుత్వం ప్రత్యేకంగా అడిగితే తప్ప అది కాంట్రాక్టరు ఆఫీసు బీరువా దాటి బయటికి రాదు, అంతే.

ఇంకో వైపు రాష్ట్రం దగ్గర టైటిల్ 20 కింద ఉపకరణాల జాబితా ఉంది. ఆ జాబితాలో లేని మోడల్‌ను కాలిఫోర్నియాలో అమ్మకూడదు. ఏ మోడల్ అమ్మవచ్చో రాష్ట్రానికి తెలుసు. ఏ ఇంట్లో ఏ డక్టు ఎంత లీకు ఉందో, పర్మిట్ తీసుకున్న ఇళ్ల వరకూ రిజిస్ట్రీకి తెలుసు. మధ్యలో యంత్రం ట్రక్కెక్కి ఏ ఇంటికి వెళ్లిందో తెలియదు. కావలసింది ఆ ఒక్క లంకె. డిస్ట్రిబ్యూటర్ అమ్మిన సీరియల్ నంబర్లు, కొన్న కాంట్రాక్టరు లైసెన్సు నంబరుతో సహా రాష్ట్రానికి పంపాలి. అదే నంబరు సీఎఫ్2ఆర్‌లో ఎక్కినప్పుడు దానంతట అది కొట్టివేత పడాలి. ఆరు నెలలైనా కొట్టివేత పడని నంబర్లు ఎవరి పేరు మీద పేరుకుపోతున్నాయో చూస్తే చాలు. ప్రతి ఇంటి తలుపూ తట్టనక్కర్లేదు.

దీనికి కాంట్రాక్టర్లు చెప్పే అభ్యంతరాల్లో నిజముంది. యూనిట్ గోడౌన్‌లో నెలల తరబడి ఉండొచ్చు. పనికిరాదని వెనక్కి ఇచ్చినదీ, వారంటీ కింద మార్చినదీ ఉంటాయి. పక్క రాష్ట్రం నెవాడాలోని రీనోలో కొని కాలిఫోర్నియా సరిహద్దు దగ్గరి ట్రక్కీలో బిగించేవాళ్లూ ఉంటారు. ఒక్క అక్షరం తప్పుగా కొడితే మంచివాడి పేరు చెడ్డ జాబితాలోకి ఎక్కుతుంది. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా తెలియక తప్పులు జరుగుతూనే ఉంటాయి. అందుకే నంబరును చేత్తో కొట్టించకూడదు, పలక మీది బార్‌కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేయించాలి. గడువు దాటిన నంబరు కనబడగానే జరిమానా వేయకూడదు, గోడౌన్‌లో ఉందా, తిరిగి ఇచ్చారా అని ముందు అడగాలి. ఇవన్నీ కుదిరేవే.

అసలు అభ్యంతరం వేరే ఉంది. నిఘా పెంచి పర్మిట్ కష్టంగానే ఉంచితే జనం ఇంకా చీకట్లోకి వెళ్తారు. సోలార్ విషయంలో రాష్ట్రం ఏం చేసిందో చూడండి. 2022లో ఎస్‌బీ 379 చట్టం తెచ్చి, ఇళ్ల సోలార్‌కు ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడు పర్మిట్ ఇచ్చే వ్యవస్థ పెట్టమని ఎక్కువ నగరాలకు, కౌంటీలకు చెప్పారు. ఉన్న చోటే యంత్రం మార్చడం సోలార్ కంటే చిన్న పని. దానికీ ఫోనులోనే పది నిమిషాల్లో పర్మిట్ రావాలి. పరీక్షకుడి కొలతలు రిజిస్ట్రీలో చేరితే, ఇన్‌స్పెక్టర్ వాటిని ఫోటోలతో సరిచూసుకునేలా ఉండాలి. నిఘా, సౌకర్యం జంటగా రాకపోతే రెండూ పనిచేయవు.

దీనికి ఇదే సమయం. 2025లో ఏబీ 130 చట్టంతో ఇళ్ల నిర్మాణ ప్రమాణాల్లో కొత్త మార్పులను, కొన్ని మినహాయింపులతో, 2031 జూన్ దాకా ఆపేశారు. ఎనర్జీ కోడ్‌ను ఇష్టపడేవాళ్లకు ఇది నిరాశే. కానీ మూడేళ్లకోసారి పుస్తకం తిరగరాయడానికి పోయే శక్తి ఇప్పుడు మిగులుతుంది. ఉన్న పుస్తకాన్ని ఇళ్లలోకి దింపడానికి అది వాడాలి.

మన ఊళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, అక్కడ ఇళ్లూ ఆఫీసులూ ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో వాణిజ్య భవనాలకు ఈసీబీసీ (భవనాల ఇంధన పొదుపు కోడ్) తప్పనిసరి చేసింది. వెయ్యి చదరపు మీటర్ల స్థలం గానీ, రెండు వేల చదరపు మీటర్ల నిర్మాణం గానీ ఉంటే వర్తిస్తుంది. తెలంగాణలో గుర్తింపు పొందిన మూడో పక్షం మదింపుదారు నిర్మాణ అనుమతికి ముందు ఒకసారి, ఆక్యుపెన్సీకి ముందు ఇంకోసారి చూసే పద్ధతి పెట్టారు. ఇది మంచి పునాది. ఆ భవనంలో పదేళ్ల తర్వాత చిల్లర్ మారితే ఎవరు చూస్తారన్న ప్రశ్న అక్కడా ఎదురవుతుంది. ఇళ్లలో స్ప్లిట్ ఏసీ మీద నక్షత్రాల గుర్తు మోడల్‌కు ఇచ్చినదే. గొట్టంలోని గాలిని వాక్యూమ్ పంపుతో లాగకుండా, ఉన్న గ్యాసునే కొంచెం వదిలి తోసేసి బిగించి వెళ్తే, ఆ నక్షత్రాలు గోడ మీద మాత్రమే మిగులుతాయి.

ఇక మీరు చేయగలిగినది. యంత్రం మార్చే ముందు కాంట్రాక్టరు లైసెన్సును రాష్ట్ర కాంట్రాక్టర్ల బోర్డు సైటులో చూడండి, ఈ పనికి సీ-20 తరగతి ఉండాలి. ‘పర్మిట్ మీ పేరు మీద తీసుకోండి, చౌక అవుతుంది’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అలా తీస్తే పనికి బాధ్యత మీ మీదకు వస్తుంది. ముందస్తుగా ఒప్పందం మొత్తంలో 10 శాతం లేక వెయ్యి డాలర్లు, వీటిలో ఏది తక్కువైతే అంతకు మించి అడగకూడదని కాలిఫోర్నియా చట్టం. చివరి వాయిదా ఎప్పుడు ఇవ్వాలో ఒప్పందంలో రాయించండి: యంత్రం తిరిగిన రోజు కాదు, పర్మిట్ మూసిన రోజు. ఆ వాయిదా మీ చేతిలో ఉన్నంత కాలం పరీక్షకుడు తప్పకుండా వస్తాడు. పని ముగిశాక సీఎఫ్2ఆర్, సీఎఫ్3ఆర్ ప్రతులు మీకు ఇవ్వాలి. వాటి మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పత్రంలోని సీరియల్ నంబరు, మీరు ఫోటో తీసిన పలక మీది నంబరు ఒకటేనా అని అక్షరం అక్షరం పోల్చుకోండి.

ఇప్పటికే పర్మిట్ లేకుండా మార్చేసి ఉంటే భయపడకండి. నగర భవన విభాగం సైటులో మీ చిరునామా కొట్టి మెకానికల్ పర్మిట్ ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఆలస్యంగానైనా తీసుకోవచ్చు. కొన్ని నగరాలు అదనపు ఫీజు వేస్తాయి. బిగించిన కాంట్రాక్టరునే రాతపూర్వకంగా అడగండి, పర్మిట్ తీయకపోవడం అతని లైసెన్సు మీదకు వచ్చే తప్పు కాబట్టి చాలామంది దిగివస్తారు. డక్టుల పరీక్ష చలికాలంలోనైనా చేయించవచ్చు, అటకలో పనిచేసేవాళ్లకూ అదే హాయి. గ్యాసు కొలతకు మాత్రం బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన మధ్యాహ్నం చూసి పిలవండి.